ఉత్తరం బయలుదేరిన వేళ, చేరిన వేళ: క్యూబా సంక్షోభంపై మా ప్రాజెక్టు డైరీ

మొదటి మూడు వారాల పనిలో చివరి నివేదికకు పనికొచ్చింది దాదాపు ఏమీ లేదు. డైరీని శుభ్రంగా తిరగరాసి పెట్టడానికి కారణం అదే. చారిత్రక వాదప్రతివాదాల మీద, దౌత్య లేఖల మీద ప్రాజెక్టు తలపెట్టిన విద్యార్థులు కనీసం ఆ మూడు వారాలైనా మిగుల్చుకోవచ్చు.

అంశం, సోవియట్ యూనియన్ క్యూబాలో పెట్టిన అణు క్షిపణుల మీద అమెరికాకూ దానికీ మధ్య 1962 అక్టోబరు 16 నుంచి 28 వరకు నడిచిన క్యూబా క్షిపణుల సంక్షోభం. పని చేసింది ఇద్దరం, నేనూ నా సహవిద్యార్థిని. గడువు నాలుగు నెలలు. ముడిసరుకు ఐదు రకాలు: శ్వేతసౌధంలో రహస్యంగా రికార్డు చేసిన సమావేశాల టేపులు, వాటి అచ్చు ప్రతులు, అమెరికా అధ్యక్షుడు కెనడీ, సోవియట్ అధినేత క్రుశ్చేవ్ రాసుకున్న లేఖలు, ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి చర్చల అధికారిక ప్రతులు, పాల్గొన్నవారు తరువాత రాసుకున్న జ్ఞాపకాలు. పనిముట్లు: ఒక స్ప్రెడ్‌షీట్, గీతల కార్డులు, మూడు రంగుల పెన్నులు, ఒక హెడ్‌ఫోను.

దశ 1: తప్పు ప్రశ్న (1–3 వారాలు)

"భద్రతా మండలి చర్చలో ఎవరు నెగ్గారు?" ఇదీ మేం మొదట పెట్టుకున్న ప్రశ్న. అక్టోబరు 25 సమావేశం ప్రతి ముందేసుకుని, ఒక్కో మాటను ఒక్కో కార్డు మీదకు ఎక్కించి, ప్రతి కార్డుకూ ఒక ముద్ర వేశాం: ఆరోపణ, ఖండన, ప్రతిపాదన, హెచ్చరిక, బెదిరింపు.

మొదటి 60 కార్డులకు ఇద్దరం విడివిడిగా ముద్రలు వేసి పోల్చి చూసుకుంటే కలిసినవి 31. అంటే సగానికి కాస్త ఎక్కువ. బొమ్మా బొరుసూ వేసుకున్నా పెద్ద తేడా ఉండేది కాదని నా సహవిద్యార్థిని అంది.

ఎక్కడ విడిపోయామో చూపించడానికి ఒక్క కార్డు చాలు. ఆ రోజు అమెరికా రాయబారి అడ్లాయ్ స్టీవెన్సన్, సోవియట్ రాయబారి వలేరియన్ జోరిన్‌ను సూటిగా అడిగాడు: క్యూబాలో మీరు క్షిపణులు పెట్టారా లేదా, ఔనో కాదో చెప్పండి, అనువాదం కోసం ఆగనక్కర్లేదు. జోరిన్ జవాబు: నేను అమెరికా కోర్టులో లేను, ప్రాసిక్యూటరు అడిగినట్లు అడిగితే జవాబివ్వను. ఈ జవాబుకు నేను వేసిన ముద్ర "తప్పించుకోవడం". అలాంటి ముద్ర మా జాబితాలోనే లేదు, అక్కడికక్కడ పుట్టించాను. ఆమె వేసింది "ఖండన". రెండూ తప్పే. ఆయన క్షిపణులు లేవని ఆ వాక్యంలో అనలేదు. ప్రశ్న అడిగిన తీరును తోసిపుచ్చాడు. పైగా ఆ నెల మండలికి అధ్యక్షుడు కూడా జోరినే. నిందితుడూ సభాధ్యక్షుడూ ఒకరే అయిన చోట మాట బరువు ఎలా మారుతుందో మా ఐదు ముద్రల్లో ఎక్కడా పట్టదు.

మార్చినవి:

1. "హెచ్చరిక", "బెదిరింపు" రెండింటినీ తీసేసి "షరతు" అని ఒక్కటే పెట్టాం. "ఇది చేస్తే అది జరుగుతుంది" అనే రెండు భాగాలూ వాక్యంలో ఉంటేనే ఆ ముద్ర.
2. "ప్రశ్నను తిరస్కరించడం" కొత్తగా చేర్చాం.
3. ప్రతి ముద్రకూ ఒక సరైన ఉదాహరణ, ఒక తప్పుడు ఉదాహరణ రాసి గోడకు అంటించాం.

అవే 60 కార్డులకు మళ్లీ ముద్రలు వేస్తే 49 కలిశాయి. సంబరపడ్డాం. కార్డులు గైడు గారి బల్ల మీద పేర్చాం. ఆవిడ పది కార్డులు తిరగేసి ఒక్కటే అడిగారు: "క్షిపణులు ఉంచాలా తీయాలా అన్నది ఆ గదిలో ఎవరైనా తేల్చారా?"

ఎవరూ తేల్చలేదు. స్టీవెన్సన్ ఆ తర్వాత స్టాండు మీద పెట్టి చూపించిన గూఢచారి విమానం ఫొటోలు ప్రపంచం కోసం. బేరం నడుస్తున్నది వేరే చోట, లేఖల్లో. కొలత సరిచేసుకున్నాం సరే, కొలుస్తున్నదే వేరే వస్తువు.

ఇప్పటి వరకు: కార్డులు 112, పారేసినవి 98, పని గంటలు 58.

దశ 2: ఒక్క "తేదీ" గడి చేసిన నష్టం (4–5 వారాలు)

ప్రశ్న మార్చాం: "ఏ గంటకు ఎవరికి ఏం తెలుసు?" కార్డులు వదిలి స్ప్రెడ్‌షీట్‌లోకి వచ్చాం. ప్రతి పత్రానికీ ఒక అడ్డు వరుస. గడులు నాలుగు: తేదీ, ఎవరు, ఎవరికి, సారాంశం.

తేదీని బట్టి పేర్చగానే చిత్రంగా, కొన్ని జవాబులు ప్రశ్నల కంటే ముందు వచ్చాయి. కారణం మాస్కో గడియారం ఒకటి, వాషింగ్టన్ గడియారం ఒకటి. తేడా 7 గంటలు. షీటంతా 7 గంటలతో దిద్దేశాం. చాలావరకు కుదురుకుంది, ఒక్క 28వ తేదీ తప్ప.

28న క్రుశ్చేవ్ క్షిపణులను వెనక్కు తీసుకుంటున్నట్లు మాస్కో రేడియోలో చదివించాడు. మాస్కోలో సాయంత్రం 5 గంటలు. మా లెక్కన వాషింగ్టన్‌లో ఉదయం 10. చూసిన ప్రతి అమెరికన్ కథనంలోనూ ఉదయం 9. రెండు రోజులు వెతికాం. మూడో రోజు నేను "అమెరికన్ కథనాల్లో ఒక గంట పొరపాటు ఉన్నట్లుంది" అని ఒక పేరా రాసిపెట్టాను కూడా. ఆ పేరా ఇప్పటికీ ఫైల్లో ఉంది. అప్పుడప్పుడూ తెరిచి చూసుకుంటాను, అహం కాస్త తగ్గడానికి మంచిది.

1962 అక్టోబరు 28 ఆదివారం, ఆ నెలలో చివరి ఆదివారం. ఆ తెల్లవారుజామునే వాషింగ్టన్‌లో వేసవి సమయం ముగిసి గడియారాలు ఒక గంట వెనక్కు జరిగాయి. తేడా 7 కాదు, 8. ప్రపంచం ఊపిరి బిగబట్టి ఉన్న రాత్రి కూడా గడియారాలు తమ పని తాము చేసుకుపోయాయి.

అప్పటి నుంచి పాటించిన పద్ధతి:

1. పత్రంలో ఉన్న సమయాన్ని ఉన్నదున్నట్లు ఒక గడిలో రాయాలి. దాన్ని ఎన్నడూ దిద్దకూడదు.
2. పక్క గడిలో అది ఏ ఊరి గడియారమో రాయాలి.
3. మూడో గడిలో గ్రీనిచ్ సమయం. మాస్కో సమయం నుంచి 3 గంటలు తీసేయాలి. వాషింగ్టన్ సమయానికి 27 వరకు 4 గంటలు, 28 నుంచి 5 గంటలు కలపాలి.
4. షీటును పేర్చేది మూడో గడిని బట్టే.

మొదటి నియమాన్ని అంతకుముందు మేం పాటించలేదు. పాత సమయాల మీదే కొత్తవి రాసేయడం వల్ల 22 వరుసలకు మళ్లీ మూలాలు తెరవాల్సి వచ్చింది.

అనువాదంలో కూడా ఒక గొయ్యి తవ్వుకున్నాం. సారాంశాలు తెలుగులో రాస్తూ, క్యూబాకు ఆయుధాలు తీసుకెళ్లే నౌకలను ఆపడానికి అమెరికా నౌకాదళం చేసినదాన్ని అన్నిచోట్లా "దిగ్బంధం" అనే రాశాం. కెనడీ 22వ తేదీ ప్రసంగంలో ఏరికోరి వాడిన మాట క్వారంటైన్. బ్లాకేడ్ అంటే అంతర్జాతీయ న్యాయంలో యుద్ధచర్య కిందికి వస్తుంది కనుక ఆ మాట వద్దనుకున్నారు. మేం రెండింటికీ ఒకే మాట వాడి, వాళ్లు రోజుల తరబడి కూర్చుని తీసుకున్న జాగ్రత్తను ఒక్క దెబ్బతో చెరిపేశాం. "దాడి ఆయుధాలు" అన్నదీ అంతే. అవే క్షిపణులను అమెరికా దాడి ఆయుధాలంటే, సోవియట్ పక్షం రక్షణకే అంటూ వచ్చింది. కనుక "వాళ్ల మాట" అని ఒక గడి చేర్చి, అసలు పదాన్ని తెలుగు లిపిలో యథాతథంగా పెట్టాం. మా తెలుగు మాట పక్క గడిలో.

ఇప్పటి వరకు: వరుసలు 96, తిరిగి చేసినవి 22, పని గంటలు 97.

దశ 3: మూడు సమయాలు (6–8 వారాలు)

గడియారాలు సరిపోయినా కథ సరిపోలేదు. అక్టోబరు 26 లేఖ దగ్గర ఆగిపోయాం.

ఇది క్రుశ్చేవ్ రాసిన పొడవాటి వ్యక్తిగత లేఖ. మనిద్దరం తాడు చెరో కొసా పట్టుకుని లాగితే మధ్యలో యుద్ధమనే ముడి బిగుసుకుంటుంది అని రాసింది ఇందులోనే. క్యూబా మీద దాడి చేయబోమని అమెరికా మాట ఇస్తే సైనిక నిపుణులు అక్కడ ఉండాల్సిన అవసరం తీరుతుందన్నది సారం. మాస్కోలోని అమెరికా రాయబార కార్యాలయానికి అది సాయంత్రం 4:43కు చేరింది. వాషింగ్టన్‌లో అప్పుడు ఉదయం 9:43. అక్కడి నుంచి అనువాదం, సంకేత భాషలోకి మార్పు, తంతి. వాషింగ్టన్‌లో తొలి భాగం అందింది సాయంత్రం 6 ప్రాంతంలో; చివరి భాగం వచ్చేసరికి రాత్రి 9.

కాగితం మీద లెక్క వేశాం:

తొలి భాగానికి పట్టిన సమయం: 8 గంటల పైన.
మొత్తం లేఖకు: 11 గంటల పైన.

అంటే మా షీటులో ఆ ఉదయం నుంచీ కెనడీ దగ్గర ఉన్నట్లు కనిపిస్తున్న లేఖ ఆ పగలంతా ఆయన దగ్గర లేదు. ఆ పగలు శ్వేతసౌధంలో నడిచిన చర్చలకు మేం పెట్టిన "లేఖకు స్పందన" అనే ముద్రలన్నీ తుడిచేయాల్సి వచ్చింది. అలాంటివి 11.

అప్పుడు తేదీ గడిని మూడు చేశాం: బయలుదేరిన వేళ, చేరిన వేళ, గదిలో చర్చకు వచ్చిన వేళ. ఈ డైరీలో ఒకే ఒక్కటి తీసుకోదలిస్తే ఇది తీసుకోండి.

మూడో వేళ ఎందుకో 27వ తేదీ ఉదయం టేపు వింటే తెలుస్తుంది. సమావేశం నడుస్తూండగా కెనడీకి వార్తా సంస్థ పంపిన వార్త కాగితం ముక్క ఒకటి అందుతుంది. ఆయన పైకి చదువుతాడు: టర్కీ నుంచి అమెరికా రాకెట్లు తీసేస్తే క్యూబా నుంచి మేమూ తీసేస్తామని క్రుశ్చేవ్ అన్నాడట. పక్కనున్నవాళ్లు అలా అనలేదే అంటారు. వాళ్ల మనసులో ఉన్నది రాత్రి చదివిన లేఖ. అందులో టర్కీ ఊసే లేదు. ఇది వేరే లేఖ అనీ, మాస్కో దీన్ని నేరుగా రేడియోలో పెట్టిందనీ తేరుకోవడానికి వాళ్లకు కొంతసేపు పట్టింది. లేఖ గాలిలో ఉంది, గదిలో ఉంది, అయినా అర్థం కాలేదు. ఆ మధ్య నిమిషాలను పట్టుకోవడానికే మూడో గడి.

ఇక్కడే "దారి" అనే గడి కూడా పుట్టింది. రహస్య లేఖ నెమ్మది. కానీ వెనక్కు తగ్గినా పరువు పోదు. రేడియో వేగం, కానీ ఊరందరి ముందూ అన్న మాట అయిపోతుంది. 27న టర్కీ షరతు రేడియోకెక్కడంతో కెనడీ దాన్ని బాహాటంగా ఒప్పుకోవడం కష్టమైంది. 28న అదే రేడియో అంగీకారాన్ని క్షణాల మీద చేర్చింది. ఏ దారిన పంపారన్నదే సగం సందేశం. మేమిద్దరం ఒప్పుకుని రాసుకున్న మొదటి వాక్యం ఇదే.

వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి అనతోలీ దొబ్రీనిన్ తన జ్ఞాపకాల్లో ఒక సంగతి చెబుతాడు. మాస్కోకు పంపే సందేశాన్ని సంకేత భాషలో పెట్టి టెలిగ్రాం సంస్థ వెస్టర్న్ యూనియన్‌కు కబురు చేస్తే, ఒక కుర్రాడు సైకిలు మీద వచ్చి పట్టుకెళ్లేవాడు. దారిలో ఎక్కడా కబుర్లలో పడకుండా తిన్నగా వెళ్లాలని దేవుడికి దండం పెట్టుకోవడమే మిగిలేదట. అణుయుద్ధం అంచున సైకిలు బెల్లు. ఈ వరుసకు "బయలుదేరిన వేళ" ఏదీ దొరకలేదు.

దొరకనివి ఏం చేయాలన్నది పెద్ద గొడవ అయింది. నేను అంచనా వేసి నింపుదామన్నాను. "నువ్వు నింపితే పేర్చినప్పుడు అది నిజంలా కూర్చుంటుంది" అంది ఆమె. ఆమె మాటే నెగ్గింది. ఖాళీ ఖాళీగానే ఉండాలి, గడికి పసుపు రంగు.

ఇంకో దిద్దుబాటు. 27న క్యూబా మీద అమెరికా యు-2 గూఢచారి విమానం కూలి, పైలట్ రుడాల్ఫ్ ఆండర్సన్ చనిపోయాడు. మేం "సోవియట్ ప్రభుత్వం, తీవ్రతరం" అని రాశాం. కాల్చమన్నది క్యూబాలో ఉన్న సోవియట్ అధికారులు, మాస్కో కాదు. శ్వేతసౌధంలో కూడా ఆ పూట దీన్ని మాస్కో నిర్ణయంగానే చదివారు, కనుక మా తప్పుకు మంచి తోడే ఉంది. "ఎవరు" అన్న గడిని "ఎవరి నిర్ణయం", "ఎవరిదని అవతలివాళ్లు అనుకున్నారు" అని రెండుగా చీల్చాం.

ఇప్పటి వరకు: వరుసలు 141, పసుపు గడులు 37, తుడిచేసిన ముద్రలు 11, పని గంటలు 139.

దశ 4: టేపు (9–11 వారాలు)

సొంతంగా రాతప్రతి తయారు చేద్దామన్నది నా ఆలోచన. దీని జోలికి వెళ్లకండి.

కొలత: 10 నిమిషాల టేపు రాయడానికి గంటా 50 నిమిషాలు. ఒకేసారి ముగ్గురు మాట్లాడతారు, కుర్చీ జరుగుతుంది, ఎవరో బల్ల మీద తడతారు. మొదటి వారం చవక హెడ్‌ఫోనుతో రాసినదాన్ని మంచిదానితో మళ్లీ వింటే 10 నిమిషాల్లో 14 చోట్ల మాటలు మారాయి. వాటిలో 3 చోట్ల మాట్లాడిన మనిషే మారాడు. రెండు వారాల్లో 34 నిమిషాలు పూర్తయింది. 27వ తేదీ ఒక్కరోజు చర్చే గంటల కొద్దీ ఉంది.

అచ్చయిన ప్రతులు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, అవీ ఒకదానితో ఒకటి కలవవు. కెనడీ గ్రంథాలయంలో చరిత్రకారుడిగా పనిచేసిన షెల్డన్ స్టెర్న్ టేపులన్నీ విని, అచ్చు ప్రతుల్లో అర్థం మారిపోయే పొరపాట్లు ఉన్నాయని బయటపెట్టాడు. అందుకే మధ్యేమార్గం పట్టాం:

1. రెండు అచ్చు ప్రతులను పక్కపక్కన పెట్టాలి.
2. తేడా ఉన్న చోటు గుర్తించాలి.
3. ఆ తేడా వల్ల మన షీటులో ఏదైనా గడి మారుతుందా? మారకపోతే వదిలేయాలి.
4. మారేటట్లుంటే ఆ అర నిమిషం మాత్రం ఇద్దరూ విడివిడిగా వినాలి.
5. అప్పటికీ తేలకపోతే పసుపు రంగు.

ఈ పద్ధతిలో 26 చోట్లు వింటే సరిపోయింది. ఒక్క చిన్న మాట: టేపు నడుస్తున్నట్లు ఆ గదిలో దాదాపు ఎవరికీ తెలియదు, కెనడీకి తెలుసు. ఆయన మాటలకు ముద్ర వేసేటప్పుడు ఇది మరవకూడదు. అలాగని ప్రతి మాటా నటన అనుకున్నా పని సాగదు.

ఇప్పటి వరకు: వరుసలు 188, విన్న చోట్లు 26, వృథా అయిన రాతప్రతి 34 నిమిషాలు, పని గంటలు 191.

దశ 5: జ్ఞాపకాలను వేరే గదిలో పెట్టడం (12–13 వారాలు)

జ్ఞాపకాల నుంచి తీసుకున్న 19 వరుసలు అప్పటి దాకా అసలు పత్రాల మధ్యే కూర్చుని ఉన్నాయి. చదవడానికి హాయిగా ఉండేవీ అవే. అనుమానం రావాల్సింది అక్కడే.

27 రాత్రి అధ్యక్షుడి తమ్ముడు, అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీ, దొబ్రీనిన్‌ను న్యాయశాఖ కార్యాలయంలో కలిశాడు. టర్కీలోని 15 జూపిటర్ క్షిపణులు నాలుగైదు నెలల్లో పోతాయి, కానీ ఈ మాట బయటికి రాకూడదు అన్నది అక్కడి సారాంశం. సంక్షోభంలో అధ్యక్షుడికి సలహాలిచ్చిన బృందం ఎక్స్‌కామ్‌లో కూడా ఇది తెలిసినవారు కొద్దిమందే. 1963 ఏప్రిల్ నాటికి అవి పోయాయి కూడా. రాబర్ట్ కెనడీ జ్ఞాపకాలు ఆయన మరణానంతరం 1969లో అచ్చయ్యాయి. అందులో ఈ బేరం ఇంత సూటిగా లేదు. అచ్చుకు ముందు దాన్ని పలచన చేసింది తానేనని అధ్యక్షుడు కెనడీ సలహాదారు థియొడోర్ సోరెన్సెన్ 1989లో మాస్కోలో జరిగిన సదస్సులో ఒప్పుకున్నాడు. దొబ్రీనిన్ ఆ రాత్రి మాస్కోకు పంపిన తంతి 1990ల మధ్యలో వెలుగు చూసింది.

మేం మాత్రం 1969 పుస్తకం వరుసను 1962 అక్టోబరు 27 కింద పెట్టి, దానికి "ప్రత్యక్ష సాక్షి" అని ఆకుపచ్చ రంగు వేశాం.

మార్పు: 19 వరుసలూ వేరే షీటులోకి. అన్నింటికీ కొత్త గడి, "లోకానికి తెలిసిన ఏడాది". దీనితో అనుకోని లాభం ఒకటి వచ్చింది. కెనడీ ఏమీ వదులుకోకుండా గెలిచాడని రాసిన పాత వ్యాసాలను మేం తేలిగ్గా కొట్టిపారేస్తూ వచ్చాం. వాటి ఏడాది పక్కన ఈ గడి పెట్టి చూస్తే, ఆ రచయితలకు అప్పటికి అంతకుమించి తెలిసే దారి లేదు. మా నివేదికలో వాళ్ల మీద రాసిన రెండు వెటకారపు పేరాలు తీసేశాం. ఒకటి నిజంగా బాగుండేది.

ఇప్పటి వరకు: ప్రధాన షీటు 169, జ్ఞాపకాల షీటు 19, పని గంటలు 214.

దశ 6: మూడో దేశం (14వ వారం)

ముసాయిదా చూసి గైడు గారు వేసిన రెండో ప్రశ్న: "సంక్షోభం పేరులో ఉన్న దేశం ఎక్కడమ్మా?"

లెక్క చూస్తే 169లో క్యూబావి 4. పద్నాలుగో వారంలో 9 చేర్చగలిగాం. వాటిలో బరువైనది 26, 27 తేదీల నడిరాత్రి హవానాలోని సోవియట్ రాయబార కార్యాలయంలో కూర్చుని క్యూబా నేత కాస్ట్రో క్రుశ్చేవ్‌కు చెప్పి రాయించిన లేఖ. దాడి ఖాయమని నమ్ముతూ రాసిన లేఖ అది. అమెరికా క్యూబాను ఆక్రమించడానికి దిగితే అణ్వస్త్రాల మాటను కూడా ఎత్తింది. బయటికి వచ్చింది 1990లో. మూడు వేళల పద్ధతి ఇక్కడ మళ్లీ అక్కరకొచ్చింది: ఆ రాత్రి హవానాలో ఉన్న భయం మాస్కోకు చేరేలోపే బేరం చాలా దూరం వెళ్లిపోయింది. ముగింపు కబురు కాస్ట్రోకు వార్తల ద్వారా తెలిసింది, మాస్కో ముందుగా చెప్పలేదు. ఆ వరుసలో "ఎవరికి" గడిలో ఏం రాయాలో చాలాసేపు తేలలేదు. ఆయనకు ఎవరూ పంపలేదు. గడి ఖాళీగా వదిలి, ఈసారి పసుపు రంగు వేయలేదు. ఇది మాకు దొరకని సమాచారం కాదు, అసలు జరగని పని.

చివరి వరుస 1963 జూన్ 20. సందేశాలు ఇంత ఆలస్యంగా చేరడం ప్రమాదమని రెండు ప్రభుత్వాలూ జెనీవాలో ఒప్పందం చేసుకుని, వాషింగ్టన్, మాస్కోల మధ్య నేరు లైను (హాట్‌లైన్) వేశాయి. అది టెలిప్రింటరు, మాట్లాడే ఫోను కాదు. మా నివేదిక ముఖపత్రం మీద మొదటి రోజు నుంచీ పెద్ద ఎర్ర ఫోను బొమ్మ ఉంది. తీసేశాం. దాని స్థానంలో సైకిలు పెడదామని నా సహవిద్యార్థిని అంటోంది.

మొత్తం: ప్రధాన షీటు 178, జ్ఞాపకాలు 19, పసుపు గడులు 41, పని గంటలు 236, ముఖపత్రాలు 2.